బొలోన్యాలో చదువు: ఊరు ఉదారం, ఇల్లు గండం

ఇటలీలోని బొలోన్యాకు చదువుకోవడానికి వస్తున్న తెలుగు విద్యార్థులు ముందుగా ఈ మాట చెవిన వేసుకోండి. అద్దె ఒప్పందాన్ని పన్నుల కార్యాలయంలో రిజిస్టర్ చేయిస్తానని ఇంటి యజమాని రాసి ఇస్తే తప్ప అతని చేతిలో ఒక్క యూరో పెట్టకండి. నాకూ నా స్నేహితుడికీ జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊరి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇక్కడ విద్యార్థిని ఇంటి బిడ్డలా చూసుకునే చోట్లు చాలా ఉన్నాయి. పీడ అంతా అద్దె ఇంటితోనే.

నేనూ ఖమ్మం నుంచి వచ్చిన స్నేహితుడూ సెప్టెంబరులో దిగాం. ఎనిమిది మంది పడుకునే హాస్టల్ గదిలో ఒక్కో మంచానికి రాత్రికి 34 యూరోలు. నెలాఖరున ఇక్కడ చెర్సాయే అనే టైల్స్ ప్రదర్శన జరుగుతుంది. దానికి దేశదేశాల వ్యాపారులు వస్తారు, ఊళ్లో గదులన్నీ నిండిపోతాయి. ఆ వారం అదే మంచానికి 79 యూరోలు చెప్పారు. అందుకే రావాలనుకునేవారు ఆగస్టు చివరికల్లా వచ్చి ఇల్లు చూసుకోండి. మేము గది చూడటానికి ఎక్కడికి వెళ్లినా మెట్ల మీద అప్పటికే జనం వరుస కట్టి ఉండేవారు.

చివరికి రైల్వే స్టేషన్ వెనుక బొలోన్యీనా పేటలో గది దొరికింది. ఇద్దరం ఒకే గదిలో ఉండాలి. తలకు నెలకు 370 యూరోలు, రెండు నెలల డిపాజిట్ కింద తలకు 740. విద్యార్థుల ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం చేశాడు, మేమూ చేశాం. రిజిస్ట్రేషన్ వచ్చే వారం చేయిస్తానన్నాడు. ఆ వారం గడిచింది, దాని తర్వాతి వారమూ గడిచింది. గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. రిజిస్టర్ చేస్తే తాను పన్ను కట్టాల్సి వస్తుందట, కాబట్టి తలకు మరో వంద యూరోలు పెంచాలట.

ఆ కాగితం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఈ ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో స్కాలర్‌షిప్పులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎర్గో. ఊరు విడిచి వచ్చి అద్దెకు ఉంటున్న విద్యార్థికి పూర్తి మొత్తం ఇస్తుంది. అది ఏడాదికి దాదాపు ఏడు వేల యూరోలు. కనీసం పది నెలలు అద్దెకు ఉంటున్నట్టు రిజిస్టరైన ఒప్పందం చూపించాలి. చూపించలేకపోతే స్థానికుల లెక్కలో వేస్తారు, అప్పుడు అందులో సగం కూడా రాదు. తహశీల్దారు కార్యాలయం చుట్టూ నాన్న తిరిగి సంపాదించిన ఆదాయ ధ్రువపత్రం, దాని మీద విదేశాల్లో చెల్లడానికి వేయించే అపోస్టిల్ ముద్ర, ఇటాలియన్ అనువాదం, ఇంత శ్రమా ఈ ఒక్క యజమాని మొండితనం వల్ల బూడిదలో పోసినట్టయ్యేది.

పైగా అతను చెప్పిన లెక్క శుద్ధ అబద్ధం. బొలోన్యాలో విద్యార్థుల ఒప్పందం మీద యజమాని కోరుకుంటే అద్దెలో పది శాతం మాత్రమే పన్ను కట్టవచ్చు. అంటే మా ఇద్దరి 740 యూరోల మీద 74. అతను అడిగింది 200.

మమ్మల్ని గట్టెక్కించింది సూనియా అనే అద్దెదారుల సంఘం. అక్కడి పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని ఒప్పందం మొత్తం చదివింది. చివరి పేజీలో సంతకాల మీద వేలు పెట్టి, "ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కదా బాబూ, ఆయన చేయించకపోతే మీరే చేయించుకోండి. ముప్పై రోజుల గడువు దాటనివ్వకండి" అంది. సంతకమైన పత్రాన్ని అద్దెకున్నవారు కూడా రిజిస్టర్ చేయించవచ్చని ఆ యజమాని మాతో ఎందుకు అంటాడు? మర్నాడే వెళ్లాం. యజమాని పది శాతం పద్ధతి ఎంచుకోలేదు కాబట్టి రిజిస్ట్రేషన్ పన్ను 124 యూరోల 32 సెంట్లు పడింది, దానికి తోడు స్టాంపులకు 32. వచ్చేటప్పుడు దారి పొడవునా నా స్నేహితుడు ఆ ముద్రపడ్డ కాగితాన్ని సంచిలో పెట్టకుండా చేతిలోనే పట్టుకుని నడిచాడు. పన్నులో యజమాని సగం భరించాలి. అడిగాం, ఒక్క సెంటు ఇవ్వలేదు.

దానికి పగ చలికాలంలో తీర్చుకున్నాడు. బొలోన్యాలో అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఇళ్లలో రోజుకు 14 గంటల దాకా హీటర్లు నడపవచ్చు. మా ఇంట్లో మీటకు పెట్టె బిగించి తాళం వేసి, 17 డిగ్రీల దగ్గర ఆపేశాడు. జనవరిలో వంటింట్లో కూడా కోటు విప్పేవాళ్లం కాదు. నా స్నేహితుడు మాట్లాడటమే తగ్గించేశాడు. ఇంటికి ఫోను చేస్తే చలి సంగతి ఎత్తేవాడు కాదు, "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేసేవాడు. జులైలో ఖాళీ చేస్తే గోడలకు రంగు వేయాలంటూ డిపాజిట్‌లో తలకు 240 కోసుకున్నాడు. దిగిన రోజే తీసిన ఫోటోల్లో ఆ గోడలు అంతకంటే మాసిపోయి ఉన్నాయి. అవి చూపించినా వినలేదు. ఇప్పుడు ఆ ఫోటోలు సూనియా వాళ్ల దగ్గర ఉన్నాయి, ఉత్తరాలు నడుస్తున్నాయి.

ఆ చలిలో మాకు ఆసరా ఇచ్చింది సాలా బోర్సా. ఊరి ప్రధాన కూడలి పియాజ్జా మజ్జోరే పక్కనే, పూర్వం వర్తకుల సభా భవనంగా ఉన్న కట్టడంలో 2001లో తెరిచిన ప్రజా గ్రంథాలయం అది. ప్రవేశం ఉచితం, వైఫై ఉచితం, వెచ్చదనం ఉచితం. నడిమి హాలులో నేలకు అద్దాలు పరిచారు. వాటి కింద రోమన్ల కాలపు గోడలు కనిపిస్తాయి. పుస్తకం మీంచి తల తిప్పితే కాళ్ల కింద రెండు వేల ఏళ్ల ఊరు. గుర్తింపు పత్రం అడిగేవారు లేరు, ఏమీ కొనకుండా ఎంతసేపు కూర్చున్నారనేవారూ లేరు. మూసే వేళ దాకా అక్కడే చదువుకునేవాళ్లం.

ఇంట్లో రెండో గదిలో దక్షిణాన లెచ్చే నుంచి వచ్చిన ఇటాలియన్ కుర్రాడు ఉండేవాడు. అతని అమ్మ రాత్రి బస్సు డ్రైవరు చేతికి అట్టపెట్టె ఇచ్చి పంపేది, ఇతను పొద్దున్నే పియాజ్జా వెంతి సెత్తెంబ్రె దగ్గరి బస్టాండుకు వెళ్లి తెచ్చుకునేవాడు. దక్షిణాది విద్యార్థులు చాలామందికి ఇలాగే ఇంటి నుంచి పెట్టెలు వస్తాయి. ఒక ఆదివారం అతను వండి పెట్టిన ఫావె ఎ చికోరియె నేను ఇటలీలో తిన్న అన్నిటికంటే గొప్పది. రాత్రంతా నానిన ఎండు ఫావా గింజలను మెత్తగా ఉడికించి, చెక్క గరిటెతో ఎనిపి, పక్కన చేదు ఆకుకూర ఉడికించి వేసి, పైన పచ్చి ఆలివ్ నూనె ధారగా పోశాడు. అచ్చం మన ముద్దపప్పూ ఆకుకూరే! గింజల పొట్లం ఖరీదు రెండు యూరోలు. ముగ్గురం కడుపు నిండా తిన్నాం. మేము గోంగూర పచ్చడి సీసా బయటికి తీశాం, అతను రొట్టె మీద రాసుకుని కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ అడిగాడు. చాలా వారాల తర్వాత నా స్నేహితుడు ఆ రాత్రి నవ్వాడు. ఊళ్లో పర్యాటకుల వీధిలో తాల్యతెల్లె అనే పాస్తా పళ్లేనికి 14 యూరోలు పెట్టినా ఆ రుచి రాలేదు. శాకాహారులు ఒకటి గమనించండి. బొలోన్యా వంట ప్రధానంగా మాంసం వంట, తోర్తెల్లీని అనే చిన్న పాస్తా పొట్లాల లోపలా పంది మాంసమే ఉంటుంది. రికోత్తా జున్ను నింపిన తోర్తెల్లోని అడగండి.

చదువు సంగతికొస్తే, ఇక్కడి పరీక్షల పద్ధతి నాకు చాలా నచ్చింది. చాలా సబ్జెక్టులకు మౌఖిక పరీక్ష ఉంటుంది. మిగతా విద్యార్థులు వెనుక వరుసల్లో కూర్చుని వింటుండగా ఆచార్యుడికి ఎదురుగా కూర్చుని జవాబులు చెప్పాలి. మార్కులు 30కి, 18 వస్తే ఉత్తీర్ణత. వచ్చిన మార్కు నచ్చకపోతే వద్దని చెప్పి, తర్వాతి విడతలో మళ్లీ రాసుకోవచ్చు. నాకు 23 ఇస్తానన్నప్పుడు వద్దన్నాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, "ఫిబ్రవరిలో కలుద్దాం" అన్నారు. ఫిబ్రవరిలో 28 వచ్చింది. 1088లో పుట్టిందని చెప్పుకునే విశ్వవిద్యాలయం విద్యార్థికి ఇచ్చే ఈ గౌరవం మన దగ్గరా రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఇక ఖర్చులు. నివాస అనుమతి కోసం ఇటలీకి వచ్చిన ఎనిమిది పనిదినాల్లో పోస్టాఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. మొత్తం 116 యూరోల 46 సెంట్లు అయింది, ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. ప్రభుత్వ ఆరోగ్య సేవలో విద్యార్థిగా చేరడానికి ఏడాదికి 700 యూరోలు, అదీ జనవరి నుంచి డిసెంబరు లెక్కన. అక్టోబరులో చేరితే మూడు నెలలకు 700 కట్టినట్టే, కాబట్టి అప్పటిదాకా ప్రైవేటు బీమాతో నెట్టుకురండి. బస్సు టికెట్టు 2.30. అది దండగ, సైకిలు కొనండి. కానీ వీధిలో చీకటిమాటున అమ్మేవారి దగ్గర వద్దు, అవి దొంగిలించినవి. విద్యార్థి సంఘం వేలంలో నాకు 55 యూరోలకు వచ్చింది. చలికోటు శుక్ర, శనివారాల్లో జరిగే పియాజ్జోలా సంతలో 15 యూరోలకు దొరికింది. కాఫీ బార్‌లో నిలబడే తాగండి, 1.30. కూర్చుంటే రెట్టింపు.

గొడుగు కోసం తొందరపడకండి. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన వరండా దారులు ఊరంతా 62 కిలోమీటర్లు పరుచుకుని ఉన్నాయి. 666 కమానుల కింద నడుస్తూ సాన్ లూకా కొండ గుడిదాకా వాన తగలకుండా ఎక్కవచ్చు. రైలులో వెళ్లగలిగే రవెన్నా ఊళ్లో సాన్ వితాలె చర్చిలోని మొజాయిక్ చిత్రాలు తప్పక చూడండి. మేము వెళ్లిన శుక్రవారం రైళ్ల సమ్మె జరిగింది. అలాంటి రోజుల్లో ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య కొన్ని రైళ్లు తప్పకుండా నడుపుతారు, ఆ వేళలు చూసుకుని బయలుదేరండి.

ఇప్పుడు ముగ్గురం సాన్ దొనాతో పేటలో ఉంటున్నాం. తలకో గది, 420 యూరోలు. ఈ యజమానురాలు తాళాలతో పాటే రిజిస్ట్రేషన్ రసీదు చేతిలో పెట్టింది. లెచ్చే కుర్రాడు చదువు ముగించి వచ్చే జులైలో వెళ్లిపోతున్నాడు, అతని గది ఖాళీ అవుతుంది. పప్పన్నం వండుకునేవారికి వంటిల్లు కలిసొస్తుంది. హీటరు మీట నడవలో అందరికీ అందేలా ఉంది.