పార్కు టికెట్ 1,100 అని చూసి బయల్దేరబోతున్నారా? ముందు ఇది చదవండి

సెలవులకి పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ బయట వాటర్ పార్కుకో, థీమ్ పార్కుకో వెళ్దామనుకుంటున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ప్రకటనలో కనిపించే టికెట్ ధరని నమ్మి బడ్జెట్ వేసుకోకండి. మా ఇంట్లో ఆరుగురం వెళ్ళాం: అత్తగారు, మామగారు, మా ఆయన, నేను, బాబు, పాప. ప్రకటనలో పెద్దలకి 1,100, పిల్లలకి 880 అని ఉంది. ఆ లెక్కన 6,160 కావాలి. ఇంటికొచ్చాక బిల్లులు, యూపీఐ మెసేజ్‌లు అన్నీ పెట్టుకుని కూడితే 13,600 దాటింది. పెట్రోలు, ఔటర్ రింగ్ రోడ్ టోల్ ఇందులో కలపలేదు. పార్కు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా ఇలాంటి పద్ధతులు ఒక్క పార్కుకే పరిమితం కాదు.

మొదటి దెబ్బ ఆన్‌లైన్ బుకింగ్‌లోనే. అంకె అంత పెద్దగా వేసిన 1,100లో జీఎస్టీ లేదు. చివరి పేజీకి వచ్చి పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ నింపాక 18 శాతం వచ్చి చేరింది. అంటే దాదాపు 1,109 రూపాయలు. దాని మీద మనిషికి 20 చొప్పున బుకింగ్ ఫీజు. వీటన్నిటి కింద విరాళం అని 60 రూపాయలు, మనం అడక్కుండానే టిక్ పెట్టేసి ఉంది. అది మాత్రం మా ఆయన చూసి తీసేశారు. ఇంట్లోంచి కదలకముందే దాదాపు 7,400 అయింది. జీఎస్టీ కట్టాల్సిందే, దాని గురించి గొడవ లేదు. 2017లో పార్కు టికెట్ల మీద 28 శాతం ఉండేది, 2018 జనవరిలో 18కి తగ్గించారు. నా కోపమల్లా అది కలిపిన ధర మొదటి పేజీలోనే ఎందుకు వెయ్యరని. ఇలా అసలు ధరని చుక్కచుక్కగా చివర్లో బయటపెట్టడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అంటారు. అడక్కుండా బుట్టలో వేసేదాన్ని బాస్కెట్ స్నీకింగ్ అంటారు. 2023 నవంబర్‌లో కేంద్రం డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని ఏమార్చే పద్ధతుల మీద తెచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాలు ఉన్నాయి, వాటిలో ఈ రెండూ ఉన్నాయి.

గేటు దగ్గర ఇంకో సంగతి. పిల్లల టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. అక్కడ ఎత్తు 140 సెంటీమీటర్లు దాటితే పెద్దల టికెట్టే. మా బాబుకి పదేళ్ళు. వెబ్‌సైట్‌లో 'పిల్లలు' అని నొక్కితే వయసూ అడగలేదు, ఎత్తూ అడగలేదు. గేటు పక్కన గోడకి బాతు బొమ్మ వేసి స్కేల్ గీశారు. వాణ్ణి దానికి ఆనించి, బూట్లతోనే నిలబెట్టి, 142 అన్నారు. బూట్లు విప్పి చూడమంటే వెనక క్యూ ఉంది మేడమ్ అన్నాడు ఆ కుర్రాడు. తేడా కట్టమన్నారు, అదీ ఆన్‌లైన్ రేటుతో కాదు, ఆదివారం కౌంటర్ రేటుతో. 362 రూపాయలు. సెలవు రోజుకి, మామూలు రోజుకి వేరే రేట్లు ఉన్నాయని బోర్డు చూస్తేనే తెలిసింది. సీనియర్ సిటిజన్ తగ్గింపు కూడా ఆ బోర్డు మీదే కనిపించింది. అయితే ఒరిజినల్ ఆధార్ చూపించి కౌంటర్లో కొన్నవాళ్ళకే అది వర్తిస్తుందట. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకి లేదు. అరవై దాటిన ఇద్దరికి పూర్తి ధర ఇచ్చి, ఆ బోర్డు చదువుకుంటూ లోపలికి నడిచాం.

తరవాత బ్యాగుల చెకింగ్. మా అత్తగారు తెల్లారకముందే లేచి స్టీలు డబ్బా నిండా పులిహోర, ఇంకో డబ్బాలో పెరుగన్నం కలిపారు. సెక్యూరిటీ ఆవిడ డబ్బా మూత తీసి, వాసన చూసి, "బయట ఫుడ్ లోపలికి పంపరమ్మా, కార్లో పెట్టుకుని రండి" అంది. ఆవిణ్ణి అని లాభం లేదు, ఆవిడ చెప్పేది రూలు. కానీ ఎండలో నిలబెట్టిన కార్లో పెరుగన్నం ఎంతసేపు ఉంటుంది? బయటికి వెళ్ళి తిని వద్దామంటే, ఒకసారి బయటికెళ్తే మళ్ళీ రానివ్వరట. మా అత్తగారు గేటు పక్కన గట్టు మీద కూర్చుని పిల్లలిద్దరికీ నాలుగేసి ముద్దలు పెట్టి, మిగతాది కార్లో పెట్టించారు. మధ్యాహ్నం లోపల ఆరు భోజనాలు, ఒక్కోటి 320, మొత్తం 1,920. అన్నం చల్లారిపోయి ఉంది, సాంబారులో ముక్క లేదు. పులిహోర మాత్రం సాయంత్రానికీ బాగానే ఉంది, అది వేరే సంగతి.

బయటి తిండి ఆపే హక్కు వాళ్ళకి ఉందా అని చాలామంది అడుగుతారు. సినిమా హాళ్ళ విషయంలో 2023 జనవరిలో సుప్రీంకోర్టు, అది యజమాని ఆస్తి కాబట్టి బయటి తిండి వద్దనవచ్చని చెప్పింది. అయితే తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని, చంటిపిల్లలకి కావాల్సినంత తిండి తల్లిదండ్రులు తెచ్చుకోనివ్వాలని కూడా అదే తీర్పులో ఉంది. అది హాళ్ళ గురించి ఇచ్చిన తీర్పు, పార్కుల గురించి కాదు. అయినా గేటు దగ్గర చంటిపిల్ల పాలసీసా, మందులు, షుగర్ ఉన్నవాళ్ళ చిరుతిండి గురించి గట్టిగా అడగండి. మా ముందున్న ఒకాయన తన మామగారి షుగర్ మందుల చీటీ చూపిస్తే బిస్కెట్లు, పళ్ళు పంపించారు.

నీళ్ళ సంగతి చెప్పాలి. తాగే నీళ్ళ కుళాయి ఉంది, కాకపోతే టాయిలెట్ల వెనక, దారి చూపించే బోర్డు లేకుండా. అందరికీ కనిపించేది బడ్డీల్లో సీసాలు. సీసా మీద 20 అని ప్రింట్ ఉంది, అడిగింది 40. ఎమ్మార్పీ చూపిస్తే "ఇక్కడ రేటు ఇంతే మేడమ్". బిల్లు ఇమ్మంటే మెషీన్ పనిచెయ్యట్లేదన్నాడు. బిల్లు లేకుండా డబ్బులివ్వనని అక్కడే నిలబడితే, రెండు నిమిషాలయ్యాక 20కే ఇచ్చాడు. చట్టం ప్రకారం ప్యాక్ చేసిన వస్తువుని ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు హోటళ్ళకి, రెస్టారెంట్లకి మాత్రం మించి తీసుకోవచ్చని చెప్పింది, ఎందుకంటే అక్కడ మనం కూర్చునే చోటుకి, వడ్డనకి కూడా కలిపి ఇస్తున్నాం కాబట్టి. పార్కుల వాళ్ళు ఆ తీర్పునే అడ్డం పెట్టుకుంటారు. ఎండలో నిలబడ్డ మనిషికి కిటికీలోంచి సీసా అందించడంలో వడ్డన ఏముందో వాళ్ళే చెప్పాలి.

అసలు బాదుడు కాస్ట్యూమ్ దగ్గర. నీళ్ళలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు. ఆ రూలు తప్పని అనను. కాటన్ పీచు ఊడి ఫిల్టర్లకి పడుతుంది, రంగు దిగుతుంది, చున్నీలు, వదులు బట్టలు స్లైడ్ల దగ్గర ప్రమాదం. కానీ ఆ మాట టికెట్ కొనేటప్పుడు స్క్రీన్ మీద ఎక్కడా లేదు, పదో పదిహేనో నిబంధనగా కింద లింకులో ఉంది. వేవ్ పూల్ మెట్ల దగ్గర విజిల్ పట్టుకున్న అబ్బాయి పాప గౌను చూసి ఆపేశాడు. వాళ్ళ అన్న అప్పటికే నీళ్ళలో ఉన్నాడు, ఈత క్లాసు నిక్కరు ఉండటంవల్ల వాడికి అడ్డు లేదు. పాప ఏడుపు మొదలుపెట్టింది. సరిగ్గా ఆ మెట్లకి ఎదురుగా కాస్ట్యూమ్ షాపు. అది అక్కడ ఎందుకు కట్టారో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పాపకి 550, నాకు లెగ్గింగ్, టాప్ కలిపి 850, మా ఆయనకి నిక్కరు 450. మొత్తం 1,850. అద్దెకి ఉన్నాయా అంటే ఉండేవి, అయిపోయాయి అన్నారు. పాప సైజు కూడా సరిగ్గా లేదు, నడుము దగ్గర పిన్ను పెట్టాల్సి వచ్చింది. మార్చుకోవడం కుదరదని రసీదు మీదే వేశారు. ఇవే బట్టలు సుల్తాన్ బజార్‌లోనో, మీ ఏరియాలోని స్పోర్ట్స్ షాపులోనో ముందే కొనుక్కుంటే చాలా తక్కువలో అయిపోతాయి. నైలాన్ లేదా లైక్రా అని అడగండి, చాలు.

మా అత్తగారు చీర మార్చనన్నారు, మామగారు పంచె మార్చనన్నారు. ఇద్దరూ చెట్టు కింద బెంచీ మీద కూర్చుని మా చెప్పులకీ, సంచులకీ కాపలా కాశారు. ఆ కాపలాకి ఒక్కొక్కరికి 1,298 రూపాయల టికెట్. ఊరికే చూసేవాళ్ళకి తక్కువ టికెట్ లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు నీళ్ళలో దిగరని తెలిస్తే ఈ మాట ముందే ఫోన్ చేసి అడగండి.

లాకర్ 150, ఒకటి చాలదు కాబట్టి రెండు. 'అన్ని రైడ్లూ టికెట్‌లోనే' అన్న దాని పక్కన చిన్న చుక్క (*) ఉంది, అంటే కొన్నిటికి వేరే కట్టాలని. గో కార్టింగ్ ఆ చుక్కలోకి వస్తుంది, పిల్లలిద్దరికీ 500. పెద్ద రైడ్లలో రెండు మరమ్మతుల్లో ఉన్నాయి, ఆ బోర్డు గేటు బయట కాదు, రైడు దగ్గరే పెట్టారు. ఫోటోలు ఇంకో తంతు. రైడు దిగి బయటికొచ్చే దారిలో స్క్రీన్ మీద మన పిల్లల మొహాలే పెద్దగా కనిపిస్తుంటాయి, ప్రింటు 250. వద్దనడం నాకైతే చేత కాలేదు, రెండు కొన్నాం.

ఇక చేతి బ్యాండ్. లోపల క్యాష్ తీసుకోరు, యూపీఐ తీసుకోరు. బ్యాండ్‌లో డబ్బు వేసుకుని దాంతోనే కట్టాలి. బ్యాండ్‌కి 50, అది తిరిగి రాదు. రీఛార్జ్ 500 లెక్కనే, 100 వేస్తామంటే వెయ్యరు. అందువల్ల ఎవరి దగ్గరైనా చివర్లో ఎంతో కొంత మిగలాల్సిందే. మా బ్యాండ్‌లో 330 మిగిలింది. పార్కు ఆరింటికి మూస్తారు, రిఫండ్ కౌంటర్ అయిదున్నరకే మూసేస్తారు. ఆ సమయానికి జనమంతా బట్టలు మార్చుకునే క్యూలో ఉంటారు. మేము వెళ్ళేసరికి షట్టర్ సగం దించి ఉంది, లోపల మనిషి డబ్బులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఫారం నింపి ఇవ్వండి, వారంలో అకౌంట్లో పడుతుంది అన్నాడు. బ్యాండ్ కూడా తీసేసుకోబోతే మా ఆయన ఇవ్వలేదు, ముందు దాని ఫోటో తీసుకున్నారు. మా పక్కన ఉన్నవాళ్ళు యాభైకీ, వందకీ ఎవరు ఫారం నింపుతారు అని వెళ్ళిపోయారు. అలా రోజుకి ఎంతమంది వెళ్ళిపోతారో ఊహించుకోండి.

ఇదంతా ఎవరో మేనేజర్ అత్యాశ అనుకోకండి. షేర్ మార్కెట్లో ఉన్న పార్కు కంపెనీల నివేదికలు చూస్తే టికెట్ ఆదాయం వేరుగా, తిండి, బట్టలు, ఇతరత్రా వచ్చే ఆదాయం వేరుగా వేస్తారు. వచ్చిన మనిషి ఒక్కొక్కరి మీద సగటున ఎంత వచ్చిందో కూడా రాస్తారు. అంటే టికెట్ లోపలికి రప్పించడానికి, మిగతాది లోపల రాబట్టడానికి. అమెరికాలో ఉన్న మా మరిది, ఆర్లాండో డిస్నీలో కూడా ఇదే కథ అన్నాడు. ఒకప్పుడు క్యూ తప్పించుకునే ఫాస్ట్‌పాస్ ఉచితంగా ఇచ్చేవాళ్ళు, 2021 నుంచి దాని బదులు డబ్బులు కట్టించుకునేది పెట్టారు. కానీ అక్కడ ఇంటి తిండి లోపలికి తీసుకెళ్ళొచ్చు. వాడు పులిహోరే పట్టుకెళ్తాడట.

వెళ్ళక తప్పదంటే ముందు రోజు ఫోన్ చేసి అడగాల్సినవి చెప్తాను. జీఎస్టీతో కలిపి ఆ తేదీకి ఎంత, పిల్లల టికెట్‌కి ఎత్తు ఎంత, సీనియర్ తగ్గింపు ఆన్‌లైన్‌లో ఉందా, ఏ రైడ్లు మూసి ఉన్నాయి, వానకి రైడ్లు ఆపితే డబ్బు తిరిగిస్తారా, బ్యాండ్ బ్యాలెన్స్ ఎప్పటిదాకా ఇస్తారు. పిల్లల ఎత్తు ఇంట్లోనే బూట్లు లేకుండా కొలిచి ఫోటో తీసుకోండి. బుకింగ్ మొదటి పేజీ, చివరి పేజీ రెండూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఫిర్యాదులో పనికొచ్చేది అదే. లోపల ఏది కొన్నా బిల్లు అడగండి.

ఫిర్యాదుకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు, మాట్లాడాక డాకెట్ నంబర్, అంటే మన ఫిర్యాదు నంబర్, మెసేజ్ వస్తుంది. మేము డ్రిప్ ప్రైసింగ్ మీద, బ్యాండ్ డబ్బు మీద విడివిడిగా రెండు పెట్టాం. బ్యాండ్ ఫిర్యాదు వెళ్ళాక పార్కు వాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది, 330 వేస్తామన్నారు, వేశారు కూడా. ధర సంగతి అడిగితే 'పై వాళ్ళకి పంపాం' అంటున్నారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. 5 లక్షల లోపు కేసులకి అక్కడ ఫీజు లేదు.