జోన్ కొలవాలా, ఎంఐసీ తీయాలా?

సూక్ష్మజీవులను ఆపుతాయేమోనని కొత్త అణువులు, హైడ్రజోన్లో ట్రయజోల్లో, కష్టపడి తయారుచేసి, నిర్మాణం సరిచూసే ఎన్ఎంఆర్ కూడా చూసుకున్నాక ఎం.ఫార్మసీ, ఎమ్మెస్సీ పిల్లలు అడిగేది ఇదే: మందు అగార్ జెల్లీలో పాకి బాక్టీరియాను ఆపిన జోన్‌ను కొలిచే అగార్ వెల్ డిఫ్యూజన్ చాలా, పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢతను (ఎంఐసీ) బ్రాత్ అనే పోషక ద్రవంలో తేల్చే బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయించాలా? నా ఓటు రెండోదానికే.

వెల్ పద్ధతి చవక, తేలిక. ముల్లర్ హింటన్ అగార్ మీద బాక్టీరియాను పరిచి, గుంత తీసి, మందు పోసి, మర్నాడు చుట్టూ తేటగా మిగిలిన జోన్‌ను స్కేలుతో కొలుస్తాం. చిక్కల్లా ఆ మిల్లీమీటర్లలోనే. మందు బలం ఎంతో, అది అగార్‌లో ఎంత దూరం పాకగలదో రెండూ కలిసిపోయి ఒకే అంకెగా వస్తాయి. బెంజీన్ వలయాలు, క్లోరిన్లు తగిలించి మనం చేసే అణువులు చాలావరకు నీటిలో కరగవు. డీఎంఎస్ఓ అనే ద్రావణిలో కరిగినా, అగార్ తేమ తగలగానే గుంతలోనే పేరుకుపోతాయి. జోన్ రాలేదని పారేస్తే మంచి అణువే చేజారవచ్చు. కొలిస్టిన్‌ను చూడండి. మొండి గ్రామ్ నెగటివ్ ఇన్‌ఫెక్షన్లకు చివరి మందుల్లో అదొకటి. అణువు పెద్దది, అగార్‌లో సరిగా కదలదు. అందుకే దానికి మందు కాగితపు బిళ్లతో ఇలాగే జోన్ కొలిచే డిస్కు పరీక్షను నమ్మకుండా బ్రాత్‌లో ఎంఐసీ చూస్తారు. అలాంటప్పుడు 18 మి.మీ. వచ్చిన అణువు 14 మి.మీ. వచ్చినదానికంటే మేలని పట్టికలో రాయడం ఆ రెండో అణువుకు అన్యాయం.

మైక్రోడైల్యూషన్‌లో 96 వెల్స్ ప్లేటులో మందును సగానికి సగం పలుచన చేస్తూ పోతాం. ప్రతి వెల్‌లో మి.లీ.కు సుమారు 5 లక్షల బాక్టీరియా ఉండాలి. మర్నాడు రెసజురిన్ అనే నీలి రంగు వేస్తే, బతికున్నచోట నీలం గులాబీ రంగుకు మారుతుంది. నీలంగానే మిగిలిన వెల్స్‌లో అతి తక్కువ గాఢతే ఎంఐసీ. మందు కొద్ది మిల్లీగ్రాములు చాలు. పోల్చి చూసేందుకు అదే ప్లేటులో తెలిసిన మందు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్న వెల్స్, డీఎంఎస్ఓ మాత్రమే ఉన్న వెల్స్ తప్పనిసరి. కాండిడా అనే ఫంగస్‌కైతే ఆర్‌పీఎంఐ అనే పోషక ద్రవం, పోలికకు ఫ్లూకొనజోల్. కరగని మందు అడుగున చేరి బ్రాత్‌ను మసకబారిస్తే పెరుగుదలని పొరబడతాం, ఆ జాగ్రత్త ఇక్కడా కావాలి.

టీబీ దగ్గర ఎంపిక వేరు. ల్యాబుల్లో వాడే టీబీ బాక్టీరియా రకం హెచ్37ఆర్‌వీ రెట్టింపు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఫలితానికి వారం, దానికి తోడు గట్టి రక్షణ ఏర్పాట్లున్న బీఎస్ఎల్-3 ల్యాబ్ కావాలి. దాని చుట్టమైన స్మెగ్మాటిస్ అనే బాక్టీరియా మూడు నాలుగు గంటల్లోనే రెట్టింపవుతుంది, మామూలు ల్యాబులో పెంచుకోవచ్చు. టీబీ మందు బెడాక్విలిన్ దారి మొదలైంది స్మెగ్మాటిస్ మీద చేసిన పరీక్షలతోనే. అయితే టీబీ చికిత్సలో రోజూ వాడే పైరజినమైడ్ దానిమీద పనిచేయదు, ఐసోనియాజిడ్ కూడా చాలా ఎక్కువ గాఢతలో గానీ ఆపదు. కాబట్టి స్మెగ్మాటిస్ మీద పనిచేసినవాటిని ముందు హెచ్37ఆర్‌వీ పరీక్షకు పంపండి. పనిచేయనివాటిలో కూడా ఐసోనియాజిడ్ పోలికలున్న హైడ్రజైడ్లను ఆపేయకుండా హెచ్37ఆర్‌వీకి పంపించండి. డబ్బు మిగిలితే కోతి కిడ్నీ నుంచి వచ్చిన వీరో కణాల మీద విషప్రభావం చూడండి, కణాలను చంపే గాఢత ఎంఐసీకి కనీసం పది రెట్లు ఉంటేనే ఆ అణువు మీద మళ్లీ సింథసిస్ మొదలుపెట్టండి.