రేవు కాస్తా రేపు అయింది: హైవే పక్క రాళ్ళ షాపు

మా అమ్మ పేరున కాలువకి స్నానాల రేవు కట్టించాం. దానికో శిలాఫలకం కావాలి. మా కోనసీమంతా ఒండ్రుమట్టి, గునపం ఎంత లోతు దిగినా రాయి తగలదు. అందుకని హైవే పక్కనున్న రాళ్ళ షాపుకి వెళ్ళాను.

రాయి విషయంలో వంక పెట్టను. చీమకుర్తి నల్ల గ్రానైట్, మూడడుగులకి రెండు, అంచులు శుభ్రంగా నున్నచేసి ఇచ్చారు. చెక్కడంతో కలిపి 14,500. బేరమాడితే 13,800కి దిగాడు.

పేచీ అంతా రాతలోనే వచ్చింది. పోయినేడు మా అమ్మాయి దగ్గరికి గ్లాస్గో వెళ్ళినప్పుడు హంటేరియన్ మ్యూజియంలో రోమన్ల రాయొకటి చూశాను. ఆ ఊరికి దగ్గర్లోనే, హచిసన్ హిల్ అనే చోట 1969లో పొలం దున్నుతుంటే బయటపడిందట. క్రీ.శ. 142 ప్రాంతంలో స్కాట్లండ్‌లో రోమన్ల సరిహద్దుగా ఆంటొనైన్ గోడ కట్టిన సైనికులు నాటుకున్న రాయి. చక్రవర్తి పేరు, ఇరవయ్యో లీజియన్ దళం, కట్టింది 3000 అడుగులు. రాతంటే అంతే! ఇలాంటి రాళ్ళ మీద ఎరుపు, పసుపు రంగుల ఆనవాళ్ళు ఇంకా దొరుకుతున్నాయంటే ముచ్చటేసింది. అక్కడే పక్కన ఇంకో కథ విన్నాను. అదే గుట్ట మీద 1865లో దొరికిన మరో రాయిని షికాగో పంపిస్తే, 1871 అగ్నిప్రమాదంలో పోయింది. ఇప్పుడు దాని అచ్చు పోసిన నకలే మిగిలింది.

అందుకే నేనూ రెండు ముక్కలే రాసిచ్చాను. ఎవరి జ్ఞాపకార్థం, ఎన్ని మెట్లు. పద్నాలుగు.

"మెట్లెన్నో ఎవడిక్కావాలి మాస్టారూ, అమ్మగారి ఫొటో ఒకటి, మన సర్పంచి గారి పేరొకటి వేయించండి" అన్నాడు ఓనరు. వద్దన్నాను. ఉలితో చెక్కమన్నా ఒప్పుకోలేదు. స్టిక్కరు అంటించి ఇసుక కొట్టే మిషనేనట ఇప్పుడు. లోతు రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో, వేలితో తడిమితే తెలుస్తోంది. అందులో నింపిన బంగారు రంగు మాత్రం రెండు వానలకి నిలవదని నా అనుమానం. చేతకాని రంగు కన్నా ఉత్త రాయే నయం.

ఇక అసలు సంగతి. ఎప్పుడు ఫోను చేసినా "రేపండి, రేపిచ్చేస్తాం" అనేవాడు. తొమ్మిదో రోజున వెళ్ళి చూస్తే రాయి మీద కూడా అదే! "స్నానాల రేవు" అని ఉండాల్సిన చోట "స్నానాల రేపు". కంప్యూటరు కుర్రాడు వు కి బదులు పు కొట్టాడు. కోపమొచ్చినా నవ్వాగలేదు. లప్పం పెట్టి సరిచేస్తామన్నారు. ఒప్పుకోలేదు. పాపం, మారు మాట లేకుండా కొత్త రాయి కోసిచ్చారు, అదనంగా పైసా అడగలేదు. ఇంకో తొమ్మిది రోజులు పట్టిందంతే.

అయిదుకి మూడు మార్కులు. వెళ్ళేవాళ్ళు ఇసుక కొట్టకముందే స్టిక్కరు దగ్గర నిలబడి అక్షరం అక్షరం చదువుకోండి. తప్పు పోయిన ఆ రాయిని షాపు ముందు రెండు ఇటుకల వరసల మీద బల్లలా పరిచారు. మొన్న అటు వెళ్తే, పనివాళ్ళు దాని మీదే టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు.