ఐదు కీల గ్రెన్సర్ నకలు క్లారినెట్: సి, బి ఫ్లాట్, ఎ మూడూ కొనాలా?

జర్మనీలోని డ్రెస్డెన్‌లో 1800 ప్రాంతంలో హైన్రిక్ గ్రెన్సర్ చేసిన క్లారినెట్లకు నకలు ఇది. సి, బి ఫ్లాట్, ఎ అనేవి క్లారినెట్ సైజులు: సి స్వరానికి వేళ్లు వేస్తే నిజంగా మోగే స్వరమే దాని పేరు. బాక్స్‌వుడ్ కర్ర, ఐదు ఇత్తడి కీలు (రంధ్రాలు మూసి తెరిచే మీటలు), శ్రుతి ఎ=430 (అంటే ఎ స్వరానికి సెకనుకు 430 కంపనాలు, ఈనాటి ప్రమాణం 440). బి ఫ్లాట్‌తో పాటు ఎ కోసం నడిమి జాయింట్లు (గొట్టంలో విడదీసే ముక్కలు) అదనంగా ఇస్తారు. సి మాత్రం వేరే వాయిద్యం, ధరా వేరే.

సి గొట్టం పొట్టి. నాదం చురుగ్గా, కాస్త గరుగ్గా ఉండి ట్రంపెట్ల పక్కన చక్కగా వినిపిస్తుంది. బీథోవెన్ ఐదో సింఫనీలో మొదటి మూడు భాగాలకూ బి ఫ్లాట్ రాసి, చివరి భాగంలో మాత్రం సి అడిగాడు. ఎ మెత్తన, కింది స్థాయిలో ముదురు. మోట్సార్ట్ 1789 నాటి క్వింటెట్ దీనికే. బోరు (లోపలి రంధ్రం వెడల్పు) దాదాపు అంతే ఉండి గొట్టం పొడుగైతే పై హార్మోనిక్స్ (నాదానికి మెరుపునిచ్చే పై స్వరాలు) తగ్గుతాయి, తేడాకు ఒక కారణం అదే.

రెండో కారణం వేళ్లలో ఉంది. ఐదు కీలతో చాలా స్వరాలు ఫోర్క్ వేళ్లతోనే (మధ్యలో ఒక రంధ్రం తెరిచి దాని కిందివి మూసి) పలకాలి, అవి మూసుకుపోయినట్టు వస్తాయి. అందుకే డి మేజర్ పాటకు ఎ తీసుకుంటే వేళ్లకు ఎఫ్ మేజర్ స్కేలు పడుతుంది, తెరుచుకున్న స్వరాలు ఎక్కువ. అదే పాట బి ఫ్లాట్‌మీద ఇ మేజర్ అవుతుంది, నరకమే. 1812లో క్లారినెట్ విద్వాంసుడు ఇవాన్ ముల్లర్ పదమూడు కీలతో అన్ని శ్రుతులకూ ఒకటే వాయిద్యం చాలునన్నప్పుడు, ఈ వేర్వేరు నాదాలు పోతాయనే ప్యారిస్ కన్సర్వేటరీ (సంగీత కళాశాల) కాదంది. నకలు వాయించి చూస్తే వాళ్ల పట్టుదల అర్థమవుతుంది.

లోపాలకొస్తే, ఎ జాయింట్లకు విడి బ్యారెల్ (మౌత్‌పీస్ కింది పొట్టి ముక్క) ఇవ్వకపోతే బేరం వదిలేయండి. ఉన్న ఒక్కదాన్నే బయటికి లాగి శ్రుతి దించితే గొంతు స్వరాలు (గొట్టం పై కొసలోని రంధ్రాలతో పలికేవి) మిగతావాటికన్నా ఎక్కువ దిగిపోతాయి. కింది సి షార్ప్‌కు కీ లేదు, రంధ్రం సగం మూయాలి. ఆరో కీ పెట్టించుకునే వీలుంటే పెట్టించుకోండి, ఆ కాలంలోనే అది వచ్చింది.

అతుకులకు కార్కు ఉండదు, మైనం పట్టించిన దారమే. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో కర్ర ఉబ్బుతుంది. అతుకు బిగుసుకుంటే బలవంతం చేయకుండా దారం రెండు చుట్లు విప్పాలి, లేకుంటే సాకెట్ పగులుతుంది. కొత్తదాన్ని మొదటి వారాల్లో రోజుకు పావుగంటకు మించి ఊదొద్దు. లోపల బాదం నూనె పలచగా రాయండి, తోలు ప్యాడ్లకు మాత్రం తగలనివ్వొద్దు.

హార్మోనియంతో వాయించాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. 440కీ దీనికీ దాదాపు 40 సెంట్ల తేడా (అరస్వరానికి వంద సెంట్లు), పెదవితో పూడ్చలేరు. బ్యాండు మేళాల్లో వాడే మామూలు రీడూ (ఊదితే కంపించే పలచని రెల్లు ముక్క) ఈ సన్నటి మౌత్‌పీస్‌కు వెడల్పు ఎక్కువ. జర్మన్ కోత రీడు తెప్పించి దారంతో కట్టుకోవాలి.

ముందు బి ఫ్లాట్, ఎ తీసుకోండి. ఆర్కెస్ట్రాలో కూర్చునేవాళ్లకే సి ఖర్చు గిట్టుబాటు.