ముఖం బొమ్మది వద్దు, పూలది కొనండి

మే నెలలో పరకాలలో మా అన్న కూతురి పెళ్లి. గొల్లభామ చీర మీదికి చేతిలో ఏదైనా కొత్తగా ఉండాలని హన్మకొండలో ఒక చేతిపని వస్తువుల దుకాణంలో రెండు మడత విసనకర్రలు కొన్నాను. ఒక్కోటి 650 రూపాయలు. బేరమాడితే యాభై తగ్గించాడు, రెండింటికీ కలిపి.

ఒకదాని మీద ఎర్ర రంగులో, కథల బొమ్మల పటాలకు పేరున్న చేర్యాల ఊరి పద్ధతి ముఖం, పెద్ద పెద్ద కళ్లు. రెండోదాని మీద తంగేడు, గునుగు పూలు. వెదురు పుల్లలు, కింద ఇత్తడి మేకు, దానికో కుచ్చు. ఒక్క విదిలింపుకు టప్పున విచ్చుకుంటుంది. ఆ చప్పుడుకు పందిట్లో నలుగురు తిరిగి చూశారు. దాచడమెందుకు, సంబరమేసింది.

చిక్కంతా ముఖం బొమ్మతోనే. మడత సరిగ్గా ముక్కు మీదుగా పోతుంది. సగం తెరిస్తే కళ్లు రెండూ దగ్గరికి జరిగి మెల్లకన్ను! అసలు చేర్యాల పటం బట్టకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి వేస్తారు. కథ చెప్పేవాళ్లు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ పోతారు. అది చుట్టిపెట్టేది, మడిచేది కాదు. ఈ విసనకర్రకు మట్టి పూత లేకపోయినా రంగు మందంగా పూశారు. అప్పగింతల వేళకు మడతల దగ్గర పెచ్చులు లేచాయి. చెమట చేతికి ఎరుపు అంటింది. చీరకు అంటలేదు, బతికిపోయాను.

పూలదానికి ఏమీ కాలేదు. వేసిందెవరో గానీ ప్రతి పువ్వునూ రెండు మడతల మధ్యే సర్దారు, రంగు పలచగా వేశారు. కాడలు మాత్రమే మడత దాటతాయి.

కరెంటు పోయినప్పుడు పక్కనున్న మా పెద్దమ్మకు ఇచ్చాను. నాలుగుసార్లు ఊపి, "ఏందే ఇది, ఈగలు కొట్టనీకి గూడ పనికిరాదు. తాటాకు ఇసనకర్ర తేకపోతివా" అని తిరిగిచ్చేసింది. మరీ అంత కాదు, ముఖం వరకు గాలి వస్తుంది.

వారం తర్వాత పెచ్చులు లేచినదాన్ని దుకాణానికి పట్టుకెళ్లాను. "ఇది ఇసురుకునేది కాదు మేడం, చేతిల పట్టుకునేది" అన్నాడు. ఒళ్లు మండింది గానీ, మాట పూర్తిగా తప్పు కూడా కాదు. జపాన్‌లో పుట్టిన ఈ మడత విసనకర్ర 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకులతో యూరప్ చేరాక, అక్కడి గొప్పింటి ఆడవాళ్లు గాలికంటే షోకుకే ఎక్కువ పట్టుకున్నారు. డబ్బులు వాపసు ఇవ్వలేదు. ఊడిన కుచ్చు మాత్రం కొత్తది కట్టిచ్చాడు.

కొనేముందు నాలుగైదుసార్లు మూసి తెరిచి, మడత మీద తడి వేలితో రుద్ది చూడండి. అంచు పుల్ల గరుకుగా ఉంటే కొంగు దారం లాగుతుంది. నాది లాగింది, గోళ్లు రుద్దుకునే ఆకురాయితో నున్నగా చేసుకున్నాను.

ముఖం బొమ్మదాన్ని పూర్తిగా తెరిచి హాల్లో గోడకు పెట్టాను. పూలది కొత్త పెళ్లికూతురు అత్తగారింటికి పట్టుకుపోయింది, నన్ను అడక్కుండానే.