పాత గ్రీటింగు కార్డులతో మడత డబ్బానా, కుట్టు పెట్టెనా?

అటక దులిపే రోజులొస్తే నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: “పాత గ్రీటింగు కార్డులు ట్రంకు పెట్టెడు ఉన్నాయి, పారేయబుద్ధి కావడం లేదు. ఎవరికైనా ఇచ్చేలా ఏం చేయొచ్చు?” మడత డబ్బా మంచిదా, దారంతో కుట్టే పెట్టె మంచిదా అన్నది ఆ వెంటనే వచ్చే రెండో ప్రశ్న. మొన్న బాబాయి షష్టిపూర్తికి పిన్ని చేతిలో ఏదైనా పెట్టాలనుకుని నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

మడత డబ్బా చాలామందికి తెలిసిందే. కార్డును మధ్య మడత దగ్గర రెండుగా కోస్తే బొమ్మ ఉన్న సగం మూత, వెనక సగం అడుగు. 5×7 అంగుళాల ముక్కను నాలుగు వైపులా అంగుళం చొప్పున మడిస్తే 3×5 డబ్బా వస్తుంది. అడుగు ముక్కను పొడవులోనూ వెడల్పులోనూ 3 మిల్లీమీటర్లు తగ్గించి కోయడం మరిచిపోతే మూత దిగదు. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీత నొక్కితే అట్ట పగలకుండా మడత పడుతుంది. అరగంట పని. రెండు జతల జుంకాలో, ఒక్క వరస నువ్వుండలో పెట్టి ఇవ్వచ్చు. పదేళ్ల పిల్లలూ చేస్తారు.

దీనికి వచ్చిన చిక్కల్లా మూలల్లోని జిగురే. కార్డు మీద ప్లాస్టిక్ పొర ఉంటే మామూలు తెల్ల జిగురు పట్టదు. అంటించే చోట గరుకు కాగితంతో రుద్దితే కొంత నయం. అయినా మా కాకినాడలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మూలలు నోళ్లు తెరుస్తాయి. నేను నిరుడు చేసిన ఆరింటిలో రెండు శ్రావణమాసం దాటలేదు.

కుట్టు పెట్టెకు జిగురుతో పని లేదు. మన అమ్మల కాలంలో షోకేసుల్లో ఊలు అంచులతో కనిపించేవే ఇవి. ఆరు పక్కలు, అడుగు, మూత కలిపి ఎనిమిది పలకలు. ఒక్కో పలకకు రెండు ముక్కలు వీపుకు వీపు ఆనించి కుట్టాలి. పక్కలు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల ఎత్తు. అడుక్కీ మూతకీ రెండున్నర అంగుళాల వ్యాసార్ధంతో వృత్తం గీసి, కంపాస్‌ను అదే కొలతతో చుట్టూ ఆరుసార్లు వేస్తే షట్కోణం తయారు. అంచు వెంట 5 మిల్లీమీటర్లకో బెజ్జం. లెక్కేస్తే 480 దాటాయి! అరిగిన హవాయి చెప్పు మీద పెట్టి పొడిస్తే సూది విరగదు, బల్ల పాడవదు. తర్వాత క్రోషియా దారంతో చుట్టూ కాజా కుట్టు వేసి, ఆ కుట్ల అంచులను పట్టుకుని పలకలు కలపాలి. నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. వేళ్లు నొప్పి పుట్టాయని కూడా చెప్పాలి.

గట్టితనం చూస్తే కుట్టు పెట్టె, తొందరలో ఉంటే మడత డబ్బా అని ఇక్కడితో ముగించొచ్చు. కానీ నన్నడిగితే అసలు చూడాల్సింది కార్డు లోపలి చేతిరాత ఎక్కడికి పోతుందన్నది. కార్డులు పారేయలేకపోవడానికి కారణం గులాబీ బొమ్మ కాదు కదా.

మడత డబ్బాలో రాత అడుగున పడుతుంది. మూత తీయగానే కనిపిస్తుంది కానీ, ఏదైనా పెడితే మూసుకుపోతుంది. పంక్తుల చివరలు గోడల మీదికి ఎక్కి, మూల మడతల్లో దాక్కుంటాయి. “మీ” ఇక్కడ, “పిన్ని” అక్కడ అన్నట్టు. కుట్టు పెట్టెలో ఇంకా అన్యాయం. లోపలా బయటా బొమ్మలే ఉండాలని రాసిన ముఖాలను మధ్యలో పెట్టి కుట్టేస్తారు, ఇక పెట్టె విప్పితే తప్ప ఆ అక్షరాలు కనబడవు. నేను దాన్ని తిరగేశాను: బయటి ముక్క బొమ్మ, లోపలి ముక్క రాసిన వైపు. పిన్ని 1991 నుంచి 1997 దాకా సంక్రాంతికి మాకు పంపిన కార్డులే వాడాను కాబట్టి, మూత ఎత్తితే దాని అడుగున ఆమె చేతిరాతే. ఆ ముక్కల్లో ఒక్క పంక్తీ తెగకుండా చూడటానికే సగం సమయం పోయింది. బాల్‌పెన్ను రాత అయితే భయం లేదు. ఇంకు పెన్నుతో రాసిందైతే చెమ్మకు పాకుతుంది. దాని మీద సెల్లో టేపు మాత్రం వేయకండి, కొన్నేళ్లకు పసుపెక్కుతుంది.

అందుకే రాసిన మనిషికే తిరిగి ఇచ్చేటట్టయితే కుట్టు పెట్టే మేలంటాను. మూడో మనిషికి ఇచ్చేదైతే వేరు. ఒకరు మనకు రాసుకున్న మాట ఇంకొకరి ఇంట్లో తెరుచుకోవడం నాకు నచ్చదు. అలాంటప్పుడు రాత లేని ముక్కలు చూసుకుని మడత డబ్బా చేసేయండి.

శుభలేఖల సంగతీ అడుగుతారు. వాటి అట్ట దళసరి, చదివింపుల కవర్లకు బాగుంటుంది. దేవుడి బొమ్మ ఉంటే చుట్టూ వదిలి కోసి పైన వచ్చేలా అంటించండి. మా అమ్మయితే వినాయకుడి మీదుగా కత్తెర పోనివ్వదు. బుక్‌మార్కులు, గిఫ్టు ట్యాగులు మిగిలిన ముక్కలతో వాటంతటవే వస్తాయి, వాటికి ప్రత్యేకంగా కార్డు కోయక్కర్లేదు.

పిన్ని మూత తీసి, “ఇది నా రాతేనా? ఇంత గుండ్రంగా రాసేదాన్నా!” అంది. ఇప్పుడందులో బీపీ మాత్రలు పెట్టుకుంటోందని మొన్న ఫోన్‌లో బాబాయి చెప్పాడు.