కీక్రాన్ క్యూ1 కీబోర్డుల్లో ప్రో కొనాలా, మ్యాక్స్ కొనాలా?

రెండూ 75 శాతం లేఅవుట్ (పక్కన నంబర్ ప్యాడ్ లేని చిన్న సైజు), అల్యూమినియం బాడీ, 4000 ఎంఏహెచ్ బ్యాటరీ. బరువు ఒకటిన్నర కిలోకు పైనే. రోజూ బ్యాగులో మోసేవాళ్లకు రెండూ వద్దు.

అసలు తేడా వైర్‌లెస్‌లో ఉంది. ప్రోలో బ్లూటూత్ మాత్రమే, పోలింగ్ 90 హెర్ట్జ్, అంటే ఏ కీ నొక్కారో కంప్యూటర్‌కు సెకనుకు 90 సార్లు చెబుతుంది. టైపింగ్‌కు చాలు, గేమ్‌లకు చాలదు. మ్యాక్స్‌లో అదనంగా 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్, 1000 హెర్ట్జ్. ఆ రిసీవర్‌ను యూఎస్‌బీ 3 పోర్టులో, హార్డ్‌డిస్క్ కేబుల్ పక్కన గుచ్చితే సిగ్నల్ దెబ్బతిని అక్షరాలు ఎగిరిపోతాయి. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కీబోర్డు దగ్గరకు తెచ్చుకోండి.

కీల కింద ఉండే స్విచ్‌లు మార్చేటప్పుడు తొందర వద్దు. పిన్నులు నిటారుగా ఉన్నాయో లేదో చూసి తిన్నగా నొక్కండి. వంగితే ఆ కీ పలకదు. ఏ కీ ఏ పని చేయాలో వయా సాఫ్ట్‌వేర్‌లో మార్చాలంటే కేబుల్ తగిలించాల్సిందే.

ఆఫీసు పనికే అయితే, ధర తగ్గినప్పుడు ప్రో తీసుకోండి. గేమ్‌లు ఆడేవాళ్లకు మ్యాక్సే.